పాత కారుకు ఇంజన్ పని చేయించాలా, ఇంజనే మార్చాలా?

దామలచెరువు దగ్గరి ఒక మామిడి తోట చివర రేకుల షెడ్డు ఉంది. షెడ్డులో టార్పాలిన్ కింద 1972 నాటి అంబాసిడర్. కాయల కాలంలో తాత దానిలోనే మండీకి వెళ్లేవాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మనవడు సంక్రాంతికి వచ్చి, కొత్త బ్యాటరీ పెట్టి, తాళం తిప్పాడు. నాలుగో ప్రయత్నంలో ఇంజన్ అంటుకుంది. ఆ వెంటనే వెనుక నుంచి వచ్చిన నీలిపొగకు షెడ్డులో పడుకున్న కోళ్లన్నీ బయటికి పరుగెత్తాయి.

తిరుపతి ఆటోనగర్‌లో చూసిన మేస్త్రీ "ఇంజన్ దించి బోరు కొట్టిద్దాం స్వామీ, ఇంకో ముప్పై ఏళ్లు తిరుగుతుంది" అన్నాడు. చిత్తూరులో ఇంకొకాయన "ఆ డబ్బుతో జపాన్ వాళ్ల ఇసుజు ఇంజన్ ఎక్కించుకోవచ్చు, ఏసీ కూడా పెట్టుకోవచ్చు" అన్నాడు. బెంగళూరు మిత్రులు ఎలక్ట్రిక్ చేయించమన్నారు. ముగ్గురిలో ఎవరి మాట సరైనదని మనవడు నన్ను అడిగాడు. ఎవరూ తప్పు చెప్పలేదు. ఒకరు ఇంజన్ గురించి, ఒకరు ప్రయాణం గురించి, ఇంకొకరు ఇంధనం గురించి చెప్పారు. అతను అడిగిన ప్రశ్న మాత్రం కారు గురించి.

ఈ ప్రశ్న ఈ మధ్య చాలా ఇళ్లలో వినిపిస్తోంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2025 నాటికి దాదాపు ప్రతి బంకులోనూ మామూలు పెట్రోలు అయిపోయింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. వీటికి తోడు పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఢిల్లీలో సాగిన గొడవను టీవీలో చూసి, ఇక్కడ కూడా పాత కారు రోడ్డెక్కకూడదేమోనని భయపడినవాళ్లు ఉన్నారు. ఆ కట్టడి ఢిల్లీకీ, దాన్ని ఆనుకుని ఉన్న రాజధాని ప్రాంతానికీ సంబంధించినది. మన జిల్లాల్లో సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు.

ఒకే మాట, మూడు పనులు

తికమక మాటల దగ్గరే మొదలవుతుంది. "ఇంజన్ చేయించాను" అని ఎవరైనా అంటే అది మూడింటిలో ఏదైనా కావచ్చు.

మొదటిది పూర్తి ఇంజన్ పని. సిలిండర్లుండే ఇనుప దిమ్మె, అంటే బ్లాకు, పాతదే ఉంటుంది. సిలిండర్లను బోరు కొట్టించి, అంటే లోపల కొంచెం పెద్దవిగా తొలిపించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకును గ్రైండింగ్ చేయించి, బ్లాకు పైమూత అయిన హెడ్డులో వాల్వులను సరిచేస్తారు. బ్లాకు మారదు కాబట్టి దాని మీది ఇంజన్ నంబరూ మారదు. ఆర్సీతో పేచీ లేదు.

రెండోది అదే రకం ఇంజన్‌ను వేరే బండి నుంచి తెచ్చి వేయడం. ప్రీమియర్ పద్మిని కారులో ఇంకో పద్మిని ఇంజన్ వేసినట్టు. మెకానిక్కుకు ఇది ఒక రోజు పని. కాగితాల లెక్కలో మాత్రం నంబరు మారింది. ఇక్కడే చాలామంది కాలుజారే చోటొకటి ఉంది: హాఫ్ ఇంజన్. పాత సామాన్ల అంగట్లో బ్లాకు, క్రాంకు, పిస్టన్లు కలిపి, హెడ్డు లేకుండా అమ్మేదాన్ని అలా అంటారు. "హెడ్డు మనదే కదా, ఇది ఇంజన్ పనే" అనుకుని కొంటారు. బ్లాకు మారింది కనుక అది ఇంజన్ మార్పే.

మూడోది వేరే రకం ఇంజన్ ఎక్కించడం. పెట్రోలు కారులో డీజిల్, 1,089 సీసీ స్థానంలో 1,300 సీసీ, కార్బురేటర్ బండిలో ఫ్యూయల్ ఇంజెక్షన్. యంత్రం లెక్కలోనూ చట్టం లెక్కలోనూ ఇది మొదటి రెండింటికీ దూరపు చుట్టం కూడా కాదు.

పొగ చెప్పేది సగం, గేజి చెప్పేది మిగతా సగం

నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అందరికీ తెలుసు. అది ఎప్పుడు వస్తోందన్నది అంతకంటే ముఖ్యం. ఎత్తు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తే రింగుల మీదా బోరు మీదా అనుమానం. పల్లంలో కాలు తీసి దిగి, మళ్లీ తొక్కిన క్షణంలో గుప్పుమంటే వాల్వు గైడ్ల మీద అనుమానం. నల్లపొగ కార్బురేటర్‌ది. ఆగకుండా తెల్లపొగ వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌దో, హెడ్డులో పగులుదో అయి ఉంటుంది.

స్పార్క్ ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజి పెడితే అనుమానానికి అంకెలు దొరుకుతాయి. నాలుగు సిలిండర్లలో 120, 118, 80, 121 పౌండ్ల ఒత్తిడి వచ్చిందనుకుందాం. మూడోది జబ్బుపడింది. ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. 80 కాస్తా 112కు లేస్తే, పోసిన ఆయిల్ రింగుల సందును తాత్కాలికంగా పూడ్చిందని అర్థం, అంటే అరుగుదల బోరులో, రింగుల్లో ఉంది. 82 దగ్గరే కూర్చుంటే గాలి పోతున్నది కింది నుంచి కాదు, వాల్వుల గుండా. అప్పుడు హెడ్డు ఒక్కటి విప్పితే సరిపోవచ్చు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కాలిందేమో చూస్తారు. ఒకే పొగకు వేలల్లో తేలే మందూ ఉంది, లక్ష దాటే మందూ ఉంది. పావుగంట పట్టే ఈ పరీక్ష చేయకుండానే "ఇంజన్ పోయింది" అని తీర్పు చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను.

అసలు తీర్పు లేత్ షాపులో, బోర్ గేజి సిలిండర్‌లోకి దిగాక వస్తుంది. సిలిండర్ పైనుంచి కిందికి సమానంగా అరగదు. పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట, మంట వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ అరుగుతుంది. పిస్టన్ పక్కకు నెట్టే దిక్కున ఇంకొంచెం ఎక్కువ. గుండ్రటి గొట్టం కోడిగుడ్డు వాటం అవుతుంది. అరుగుదల పది థౌ, అంటే పావు మిల్లీమీటరు, దాకా వెళ్లిందంటే కొత్త రింగులు మాత్రమే వేసి మూసేయడం దండగ అని అనుభవమున్న మెషినిస్టులు దాదాపు అందరూ అంటారు. గుడ్డు వాటపు గొట్టంలో గుండ్రటి రింగు సీలు చేయలేదు.

బోరు ఎంతవరకు కొట్టించవచ్చు

అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ మూలం బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీ బి సిరీస్. సిలిండర్ వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. ఒక సిలిండర్ ఘనపరిమాణం 372 సీసీ, నాలుగుకు 1,489. ఆర్సీలో కనబడే అంకె అదే. దీనికి 10, 20, 30, 40 థౌల పెద్ద సైజు పిస్టన్లు ఉంటాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. చివరి మెట్టు 40 థౌ అంటే 1.016 మిల్లీమీటర్లు. అప్పుడు వ్యాసం 74.041 అవుతుంది, మొత్తం 1,531 సీసీకి చేరుతుంది. శక్తి పెరిగిందని మురిసిపోవడానికి ఏమీ లేదు, మూడు శాతం కూడా కాదు.

ఈ మెట్లే అసలు సంగతి. మన షెడ్డులోని కారు ఇప్పటికే 40 థౌ దగ్గర ఉంటే, పిస్టన్ తల మీద ఆ అంకె చెక్కి ఉంటుంది. అప్పుడు ఇక బోరు కొట్టడానికి చోటు లేదు. అలాంటప్పుడు సిలిండర్‌ను ఇంకా పెద్దదిగా తొలిచి, లోపల స్లీవు దిగ్గొట్టి, మళ్లీ మొదటి సైజుకు తెస్తారు. మంచి చేతిలో స్లీవు వేసిన బ్లాకు ఇంకో తరం నడుస్తుంది. క్రాంకుకూ ఇలాంటి మెట్లే ఉన్నాయి, కాకపోతే అక్కడ గ్రైండింగ్ చేసిన కొద్దీ సన్నబడుతుంది కాబట్టి మందమైన బేరింగులు వేయాలి. చివరి మెట్టు దాటిన క్రాంకును బతికించడం కన్నా ఇంకొకటి వెదకడమే తేలిక.

చాలా ఇంజన్ల ప్రాణం తీసేది అరుగుదల కాదు, నీళ్లు. మన ప్రాంతంలో రేడియేటర్‌లో పోసేది బోరు నీళ్లు. ఆ ఉప్పు బ్లాకు లోపలి నీటి దారుల్లో పొరలు పొరలుగా గడ్డకడుతుంది. సిలిండర్ చుట్టూ తిరగాల్సిన నీరు తిరగదు. మే నెలలో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటుతుంది, హెడ్డు వంకరపోతుంది, ఒక్కోసారి పగులుతుంది. బోరు నీళ్లు పోసి పోసి బోరు కొట్టించుకునే స్థితికి వస్తామన్నది మా వైపు గ్యారేజీల్లో పాత జోకు. వంకరను ఫేసింగ్ చేసి తీసేయవచ్చు. పోత ఇనుప బ్లాకు పగిలితే మాత్రం వెల్డింగ్ అంత నమ్మకమైనది కాదు. పగులు వెంబడి చిన్న చిన్న మేకులు దిగ్గొట్టి కుట్టినట్టు మూసే పద్ధతి ఉంది గానీ, అది తెలిసిన చేతులు తక్కువ. అందుకే పగిలిన బ్లాకు అన్నది ఇంజన్ మార్పు వైపు బలమైన వాదన. నీలిపొగ అంత బలమైన వాదన కాదు.

మారిన పెట్రోలు, మారని ఇంజన్

పాత ఇంజన్లు పుట్టిన కాలంలో పెట్రోలులో సీసం ఉండేది. అది ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటు మీద పలచటి పొరలా పేరుకుని, వేడికి ఇనుము ఇనుముతో అతుక్కోకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పోత ఇనుప హెడ్డులో నేరుగా కోసిన సీట్లు అప్పటినుంచి మెల్లగా తినుకుపోతాయి. వాల్వు క్లియరెన్సు తరచూ తగ్గిపోతుందంటే కారణం ఇదే కావచ్చు. ఇంజన్ పని చేయించేటప్పుడు గట్టి లోహపు సీట్లు దిగ్గొట్టించుకుంటే ఈ జబ్బు శాశ్వతంగా పోతుంది.

ఈ20 సంగతి వేరు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్‌ను, కార్క్ గ్యాస్కెట్లను మెత్తబరుస్తుంది. తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి షెడ్డులో ఉన్న బండి ట్యాంకులో తుప్పు పెరుగుతుంది. ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ కావాలి, అంటే కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే పాత జెట్లతోనే నడిపితే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ, అందులో ఐదో వంతు లెక్క వేస్తే ఈ20లో ఆరేడు శాతం తక్కువ. నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ప్రణాళిక కూడా పాత తరహా కార్లకు ఇంచుమించు ఇంతే మైలేజీ నష్టం చూపించింది.

దీన్ని చూపించి "ఈ20 వచ్చింది, పాత ఇంజన్ పని అయిపోయింది" అనడం కొంచెం దూకుడు. గొట్టాలు, డయాఫ్రమ్, జెట్లు అన్నవి బ్లాకు బయటి వస్తువులు. వాటిని మార్చడానికి ఇంజన్ దించాల్సిన అవసరమే లేదు. వేసవిలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయే జబ్బు మాత్రం ఇథనాల్‌తో ఇంకొంచెం పెరగవచ్చు. వెనకటికి ఘాట్ రోడ్డు మలుపుల్లో బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టి, వక్కాకు నములుతూ నిలబడ్డ డ్రైవర్లు గుర్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు.

సన్యాసి గోచీ, కొత్త ఇంజన్

వేరే రకం ఇంజన్ వేయించడమంటే నాకు కౌపీన సంరక్షణార్థం కథ గుర్తొస్తుంది. సన్యాసి గోచీని ఎలుకలు కొరికాయి. ఎలుకల కోసం పిల్లి, పిల్లి పాల కోసం ఆవు, ఆవును మేపడానికి పొలం, చివరికి పెళ్లీ సంసారమూ. ఇంజన్ మార్పు సరిగ్గా ఇలాగే నడుస్తుంది.

ముందు ఇంజన్ ఎటు తిరిగి కూర్చుంటుందో చూడాలి. అంబాసిడర్, పద్మిని, జీపుల్లో ఇంజన్ పొడవుగా కూర్చుని, గేర్ బాక్సు ద్వారా, ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక చక్రాలను తిప్పుతుంది. మారుతి 800, స్విఫ్ట్ లాంటి కార్లలో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. అందుకే మార్కెట్లో కుప్పలుగా దొరికే చిన్న కార్ల ఇంజన్లు వీటికి నేరుగా పనికిరావు. పొడవుగా కూర్చునే మారుతి జిప్సీ ఇంజన్ కోసం పద్మిని యజమానులు వెదకడం ఇందుకే.

ఇంజన్ దొరికింది. దాని గేర్ బాక్సూ తేవాలి, లేదా పాత గేర్ బాక్సుకు అతికే హౌసింగ్ లేత్‌లో చేయించాలి. గేర్ బాక్సు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది, దాన్ని కోసి, అతికి, బ్యాలెన్స్ చేయించాలి. మౌంటింగులు కొత్తవి. ఆయిల్ సంపు ముందు యాక్సిల్‌కు తగిలితే సంపు కోయాలి. రేడియేటర్, సైలెన్సర్ గొట్టం, యాక్సిలరేటర్ తీగ, స్పీడోమీటర్ తీగ. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజనైతే కంప్యూటర్, సెన్సర్లు, ట్యాంకులో అధిక ఒత్తిడి పంపు, కొత్త వైరింగ్. తెచ్చిన ఇంజన్ ధర ఇందులో చిన్న పద్దు. అసలు ఖర్చు దాని చుట్టాలది.

గేర్ల లెక్క ఒకటి వేసి చూద్దాం. చక్రం ఒక్కసారి తిరిగితే రెండు మీటర్లు వెళుతుందనుకుందాం, వెనుక యాక్సిల్ నిష్పత్తి 4.5 అనుకుందాం, అంటే టాప్ గేరులో ఇంజన్ నాలుగున్నర సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 667 సార్లు తిరుగుతుంది. టాప్ గేరులో ఇంజన్ 3,000 సార్లు. కొత్త ఇంజన్‌తో పాటు ఐదు గేర్ల పెట్టె వచ్చి, ఐదో గేరు నిష్పత్తి 0.8 అయితే ఇంజన్ 2,400కు దిగుతుంది. చెన్నై రోడ్డు మీద హాయి. సంబరంలో యాక్సిల్‌ను కూడా 3.7 నిష్పత్తి గలదానితో మార్చేస్తే అది 1,973కు పడిపోతుంది. అప్పుడు భాకరాపేట ఘాట్‌లో గేరు మీద గేరు దించుకుంటూ పోవాలి. పాత ఇంజన్ కూడా అంతకంటే కష్టపడేది కాదు.

బ్రేకుల లెక్క ఇంకా ఘాటైనది. కదిలే బండిలోని శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. 80లో వెళ్లే కారును కొత్త ఇంజన్ 100లో తీసుకెళితే, ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడి 56 శాతం ఎక్కువ. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులున్న 1972 కారుకు అది చిన్న కోరిక కాదు. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కి పెడలు పట్టు తగ్గడం ఎలా ఉంటుందో ఒకసారి నాకు అనుభవమైంది. ఆ తర్వాత కొత్త ఇంజన్ గురించి మాట్లాడేవాళ్లు బ్రేకుల ఊసెత్తకపోతే నా చెవి అటు పోదు.

ఇన్ని చిక్కుల్లోనూ అంబాసిడర్‌కు ఒక వెసులుబాటు ఉంది. హిందుస్తాన్ మోటార్స్ కంపెనీయే 1990లలో 1,817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజన్‌ను, ఐదు గేర్ల పెట్టెతో సహా అంబాసిడర్‌లో పెట్టి అమ్మింది. 2014లో ఉత్తర్‌పారాలో ఉత్పత్తి ఆగిపోయినా, ఆ కార్ల హౌసింగులు, మౌంటింగులు చెన్నైలో పాత సామాన్ల అంగళ్లుండే పుదుపేటలో దొరుకుతాయి. చిత్తూరు మేస్త్రీ మాటకు బలం ఇదే. ఊహించి చేసే అతుకు కాదు, కంపెనీ ఒకసారి చేసి చూపించిన అతుకు.

మైలేజీ మిగులు ఎన్నేళ్లకు తీరుతుంది

కొత్త ఇంజన్ పెట్రోలు ఆదా చేస్తుందన్నది నిజం. ఎంత అన్నది బండి ఎంత తిరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. లెక్క చూపడానికే కొన్ని అంకెలు అనుకుందాం. పాత ఇంజన్ లీటరుకు 9 కిలోమీటర్లు, కొత్తది 14. పెట్రోలు లీటరు 110 రూపాయలు. ఇంజన్ పని కన్నా ఇంజన్ మార్పుకు 1,20,000 రూపాయలు ఎక్కువవుతుంది.

ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరిగే కారుకు 222 లీటర్ల బదులు 143 లీటర్లు చాలు. మిగిలేది 79 లీటర్లు, సుమారు 8,700 రూపాయలు. పెట్టిన అదనపు డబ్బు తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు పడుతుంది. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే మిగులు దాదాపు 43,700, మూడేళ్లలోపే లెక్క తీరుతుంది. పండక్కీ పెళ్లికీ తీసే కారుకు మైలేజీ వాదన చెల్లదు, రోజూ నడిపే కారుకు చెల్లుతుంది. రోజూ నడపడానికి 1972 కారు ఎందుకన్నది వేరే ప్రశ్న. దానికి లెక్కలో జవాబు లేదు, ఇష్టంలో ఉంది.

మన రోడ్ల మీద ఇంజన్ మార్పులకు మూలం ఇష్టం కాదు, చవక. డీజిల్ ధర పెట్రోలు కన్నా బాగా తక్కువగా ఉన్న రోజుల్లో టాక్సీ అంబాసిడర్లలో మటాడోర్ వ్యాన్ల డీజిల్ ఇంజన్లు, పెట్రోలు జీపుల్లో ప్యూజో డీజిల్ ఇంజన్లు ఎక్కాయి. పెట్రోలు ధర మీద నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబరులో పోయాయి. రెండింటి మధ్య తేడా కుంచించుకుపోయింది. ఆ మార్పులను పుట్టించిన కారణం చచ్చిపోయింది. ఇంజన్లు మాత్రం ఇంకా బానెట్ల కింద దడదడలాడుతున్నాయి.

చట్టం దేన్ని మార్పు అంటుంది

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ సారాంశం ఇది: తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ పొంతన పోయేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతించని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దీన్ని మన మూడు పనులకు అన్వయిస్తే చిత్రం కొంత తేటపడుతుంది. బోరు కొట్టించడం మరమ్మతు, మార్పు కాదు. అదే రకం ఇంజన్ వేయడానికి ఆర్టీవో కార్యాలయం అనుమతి తీసుకుని, కొత్త నంబరును ఆర్సీలో ఎక్కించుకోవాలి. మన వైపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే వాహన తనిఖీ అధికారి నంబరు చూస్తాడు, ఎక్కడ కొన్నారని అడుగుతాడు. బిల్లు లేని ఇంజన్ దొంగబండిది కాదని రుజువు చేయడం కష్టం కాబట్టి, పాత సామాన్ల అంగట్లో చవకగా దొరికిన ఇంజన్ కన్నా బిల్లుతో వచ్చిన ఇంజన్ విలువైనది. వేరే రకం ఇంజన్ అయితే సీసీ, ఇంధనం, నంబరు అన్నీ మారతాయి. కంపెనీయే ఆ ఇంజన్‌ను తన తర్వాతి మోడల్‌లో పెట్టి అమ్మిందన్నది మెకానిక్కుకు ధైర్యమిస్తుంది గానీ, 1972 నాటి ఆర్సీకి ఇవ్వదు. బీమా కంపెనీకి చెప్పని మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిము దగ్గర బయటపడుతుంది.

2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు దీనికి ఇంకో ముడి వేశాయి. మొదటి రిజిస్ట్రేషన్ నాటినుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనానికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. దామలచెరువు అంబాసిడర్‌కు 2022లోనే ఆ వయసు వచ్చింది. ఇసుజు ఇంజన్ ఎక్కితే ఆ తలుపు మూసుకుంటుంది. అయితే ఆ తలుపు అవతల ఏముందో కూడా చూడాలి. వింటేజ్ నంబరున్న బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డు మీదికి తేవచ్చు. ఆదివారం పిల్లలను ఎక్కించుకుని కాణిపాకం వెళ్లిరావడానికి కుదరదు.

రెండు వైపుల వాదన

అసలు ఇంజన్‌నే ఉంచాలనేవాళ్లకు డబ్బు లెక్క ఒకటి ఉంది: ఆర్సీలోని నంబర్లూ బండి మీది నంబర్లూ కలిసిన కారుకు సేకర్తలు ఎక్కువ ఇస్తారు. వాళ్లు పైకి చెప్పని కారణం ఇంకొకటి. తాత కారు చప్పుడు తాత కారుదే. బి సిరీస్ ఇంజన్ ఐడిల్‌లో తడబడుతూ కొట్టుకునే తీరు ఇసుజు మెత్తటి గొంతులో లేదు.

మార్చాలనేవాళ్లనూ తేలిగ్గా తీసిపారేయలేము. కార్బురేటర్‌ను చెవితో విని సరిచేసే మేస్త్రీలు ఒక్కొక్కరే విశ్రాంతి తీసుకుంటున్నారు. విడిభాగం కోసం పుదుపేటకో, బెంగళూరు జేసీ రోడ్డుకో ఒక రోజు పోగొట్టుకోవాలి. నిలబెట్టి పూజించే కారు కన్నా నడిచే కారే బతికున్న కారు అంటారు వాళ్లు. షెడ్డులో పాతికేళ్లు పడుకున్న కార్లను చూస్తే ఆ మాట కాదనబుద్ధి కాదు. నా మొగ్గు మాత్రం బ్లాకు పగలనంతవరకు ఇంజన్ పని వైపే. అది వెనక్కి తీసుకోగల నిర్ణయం. బోరు కొట్టించిన ఇంజన్‌ను పదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు. పాత ఇనుముకు అమ్మేసిన ఇంజన్‌ను తెచ్చుకోలేము.

ఎలక్ట్రిక్ సంగతి క్లుప్తంగానే చెబుతాను. 52వ సెక్షన్‌లోనే దానికి మినహాయింపు ఉంది, పరీక్షా సంస్థలు ఆమోదించిన కిట్‌ను నిర్ణీత షరతుల మీద అమర్చుకోవచ్చు. ఆ ఆమోదం మన మోడల్‌కు వర్తించాలి. ఏదో ఒక మోటారు, ఏవో బ్యాటరీలు పెట్టుకుంటే కుదరదు. 15 యూనిట్ల బ్యాటరీ, కిలోమీటరుకు 150 వాట్ అవర్లు అనుకుంటే వంద కిలోమీటర్లు వస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లవచ్చు, తిరిగి రావాలంటే మధ్యలో ఛార్జింగ్ పెట్టుకోవాలి.

అసలు ఇంజన్ అంటే ఏది

ఈ మధ్య పలమనేరు వైపు చూసిన ఒక జీపు ఈ చర్చను తలకిందులు చేసింది. పుట్టుక పెట్రోలు. 1980లలో యజమాని అనుమతి తీసుకునే డీజిల్ ఇంజన్ వేయించాడు, ఆర్సీలో ఇంధనం మార్పించాడు. నలభై ఏళ్లుగా అది కాగితాల మీద డీజిల్ బండి. ఇప్పుడు కొడుకు దాన్ని మొదటి రూపానికి తేవాలనుకుంటున్నాడు. పెట్రోలు ఇంజన్ వేస్తే తయారీదారు వివరాలకు దగ్గరవుతుంది, ఆర్సీకి దూరమవుతుంది. మళ్లీ అనుమతి, మళ్లీ తనిఖీ. వింటేజ్ నిబంధన అడిగే అసలు రూపం అదేనని అతను వాదించవచ్చు. ఇది మూడో ఇంజన్ కదా అని అధికారి అడగవచ్చు.

అతని దగ్గర పాత ఆర్సీ పుస్తకం ఉంది. అందులో ఎర్ర సిరాతో కొట్టేసిన మొదటి ఇంజన్ నంబరు ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది. ఆ నంబరున్న ఇంజన్ మాత్రం ఏ బావి గట్టున నీళ్లు తోడుతూ అరిగిపోయిందో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.